గురువారం గదికి పోయొచ్చినం

మా తొర్రూరు నుంచి వరంగల్ దూరమేం కాదు. బస్సులో కూసోని ఒక కునుకు తీస్తే హన్మకొండ వచ్చేస్తది. లైనింగ్ బట్టకు, దారాలకు, లేసులకు ఆ తొవ్వలో ఎన్నిసార్లు పోయిన్నో నాకే తెల్వదు. నేను లేడీస్ టైలర్‌ని. బస్టాండు ఎనుక గల్లీలో నాకో చిన్న షాపు ఉన్నది. అయితే పోయిన ఏడు, పత్తి ఏరే రోజుల్లో నేను చూసొచ్చిన వరంగల్ ఎప్పటి వరంగల్ కాదు. అక్కడికి పోయొచ్చినోళ్లు మళ్ల దాని ఊసెత్తరు. పోవాల్సినోళ్లు భయపడి పోరు. నేను పోయిన, వచ్చిన. కాబట్టి చెప్తాన.

తొర్రూరు బస్టాండు

స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊకుంటే ఏమయ్యేదో! మా ఊరి లేడీ డాక్టరు చేత్తో చూసి, స్కానింగ్ చేయించి, ఆలస్యం చెయ్యొద్దని పంపింది. వరంగల్ సిటీలో ఒక చిన్న నర్సింగ్ హోంకు పోతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. రిపోర్టు వచ్చిన రోజు అక్కడి డాక్టరు నిలబడే మాట్లాడిండు.

"క్యాన్సరే. రేపు పొద్దున వచ్చేయండి, రొమ్ము మొత్తం తీసేద్దాం. చంకలో గడ్డలు కూడా తీసేస్తే సరిపోతుంది."

"చెయ్యి మంచిగనే ఉంటదా సార్?"

"వాపు రావచ్చు. బరువు పనులు చెయ్యకూడదు. ముందు ప్రాణం కదమ్మా."

ప్రాణం ముందే, నాకు తెల్వదా! కాని నా కుడి చెయ్యే కత్తెర పడతది, నా కుడి చెయ్యే బట్టను సూది కిందికి నడిపిస్తది. ఆ చెయ్యి వాస్తే నేను ప్రాణంతో ఉండి ఏం చేయాలె? ఇంటికొచ్చి చెప్తే మా ఆయన కొమురయ్య గోడకు ఆనుకొని అట్లనే కూసుండిపోయిండు.

బ్లౌజులకు వచ్చే రమాదేవి టీచర్ మాటల్లో ఈ సంగతి విన్నది. "కత్తి పెట్టించుకునే ముందు ఒక్కసారి హన్మకొండలో ఫలానా దవాఖానకు పో రజితా. మా చెల్లెకు అక్కడనే చూసిన్రు. గురువారం గురువారం డాక్టర్లందరు ఒక్క గదిలో కూసోని ఒక్కొక్కరి కేసు మాట్లాడుకుంటరు. నిన్ను ఆ గదికే పిలుస్తరు" అన్నది.

చేనులో పత్తి తెల్లగ విచ్చుకొని ఉండె. మొగులు పడుతాంది. ఆయన ఇల్లు కదిలితే పత్తి తడుస్తది. మా అత్తమ్మ లచ్చమ్మ కొంగు నడుముకు దోపుకొని లేచింది.

"వాడు పత్తి చూసుకుంటడు. నా కోడలెంట నేను పోత."

మా అత్తమ్మకు డెబ్బై దాటినయి. ఇప్పటికీ పత్తి ఏరుడులో ఆమె వరుసను పడుచు పిల్లలు అందుకోరు. నోరు పెద్దది, గుండె ఇంకా పెద్దది. సంకటి లెక్క వండుకునే మక్క గట్కకు పిండి, చింతకాయ తొక్కు, ఎండుమిరపకాయల పొడి మూటగట్టుకొని బస్సెక్కింది. ఆడోళ్లకు టికెట్ లేదు కదా అని దర్జాగ కిటికీ పక్కన కూసున్నది. కండక్టరు ఆధార్ కార్డు అడిగిండు. చూస్తే అది ఇంట్లో దేవుని పటం ఎనుక ఉండిపోయింది.

"నా మొకం చూస్తే తెలుస్తలేదా తెలంగాణ ముసల్దాన్నని?" అని కొట్లాట పెట్టుకున్నది.

"తెలుస్తాంది పెద్దమ్మా, కాని నా మిషన్‌కు తెల్వదు" అన్నడు కండక్టరు. బస్సంతా నవ్వింది. టికెట్ తీసుకున్నం. ఇంట్ల నుంచి బయలెల్లినంక నేను నవ్వింది అప్పుడే.

హన్మకొండ, మేడ మీద గది

దవాఖాన ఎనుక గల్లీలో ఇండ్లన్నిటికీ మేడ మీద గదులే. మంచిర్యాల నుంచి, భూపాలపల్లి నుంచి, అటు ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన పేషెంట్లు, వాళ్ల మనుషులు వాటిల్లో ఉంటరు. మాకు దొరికిన గదికి కిటికీ లేదుగాని ముందల పెద్ద డాబా ఉండె. పక్క గదిలో ఉమారాణి అని ఒకామె ఉన్నది. వరంగల్ చౌరస్తా దగ్గర వాళ్లకు బట్టల దుకాణం. ఊర్లోనే ఇల్లు పెట్టుకొని ఇక్కడ కిరాయి గదిలో ఎందుకున్నదో మొదట మాకు అర్థం కాలేదు. రెండో రోజు ఆమెనే చెప్పింది.

"మా వాళ్లకు థైరాయిడ్ అని చెప్పినం అక్కా. క్యాన్సర్ అంటే బిడ్డకు కుదిరిన సంబంధం పోతదని మా బావగారు అన్నడు. చెల్లె ఇంటికి పోతున్న అని చెప్పి ఇక్కడ ఉంటున్న."

మా ఊర్లో అట్ల కాదు. నాకు రిపోర్టు వచ్చిన సాయంత్రానికే వాడకట్టంతా తెలిసింది. ఒకరు కోడిగుడ్లు తెచ్చిన్రు, ఒకరు ఏడ్సిన్రు, ఒకామె చెట్ల మందు తెస్తనన్నది. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఉమారాణి ఒక్కతే స్టీలు డబ్బా ముందట పెట్టుకొని తింటుంటే చూసినంక ఆ కోపం పోయింది. ఆ రాత్రి నుంచి ముగ్గురం డాబా మీద కలిసే తిన్నం. ఆమె పులిహోర, కొబ్బరి పచ్చడి పెట్టేది. అత్తమ్మ గట్క, తొక్కు పెట్టేది. మొదట్లో ఉమారాణి గట్కను వేలి చివరతో ముట్టుకున్నది. మూడు రోజులకు ఆమెనే "పెద్దమ్మా, ఇయ్యాల గట్క లేదా?" అని అడిగింది.

గురువారం గది

దవాఖానలో మమ్మల్ని మొదట పట్టుకున్నది శోభ అనే సిస్టర్. సన్నగ, చురుగ్గ ఉంటది. నా పరీక్షలు ఏవి అయినయో, ఏవి కాలేదో, ఎవర్ని కలవాల్నో అన్నీ ఆమెనే చూసుకున్నది. "మీకేది అనుమానం వచ్చినా నన్నడగండి. ఆ కిటికీ, ఈ కిటికీ అని తిరగకండి" అన్నది. దవాఖానలో ఒక మనిషి మన పేరు గుర్తుపెట్టుకుంటే ఎంత బలమో పోయినోళ్లకే తెలుస్తది. మళ్ల రొమ్ము ఫొటోలు తీసిన్రు, స్కానింగ్ చేసిన్రు, నర్సింగ్ హోంలో తీసిన ముక్కను కూడా తెప్పించి తమ దగ్గర చూసుకున్నరు.

గురువారం పిలిచిన్రు. గది పెద్దదేం కాదు. ఒక బల్ల, చుట్టూ కుర్చీలు, గోడకు పెద్ద టీవీ. దాని మీద నా రొమ్ము ఫొటో తెల్లగ, మబ్బు లెక్క ఉన్నది. ఐదుగురు డాక్టర్లు కూసొని ఉన్నరు. నేను తలుపు దగ్గర్నే నిలబడ్డ. అత్తమ్మ మాత్రం అందరి మొకాలు తీరిగ్గ చూసి, "ఇంతమందికి చెప్పుకునేంత పెద్ద రోగమా బిడ్డా ఇది?" అని అడిగింది.

అందరికన్నా పెద్దరికంగ కూసున్న డాక్టర్ వసుధ నవ్వింది. ఆపరేషన్లు చేసేది ఆమెనే. "కాదు పెద్దమ్మా. చిన్నగ ఉన్నప్పుడే వచ్చింది మీ కోడలు. చిన్నగ ఉన్నప్పుడే అందరం ఆలోచిస్తే తక్కువ కోతతో బయటపడొచ్చు."

ఒక్కొక్కరిని చూపించి చెప్పింది. స్కానింగులు చదివే అమ్మాయి, ముక్కలను మైక్రోస్కోపులో చూసే పెద్దాయన, క్యాన్సర్ మందులు ఇచ్చే డాక్టరు, రేడియేషన్ ఇచ్చే పొడుగాయన. అత్తమ్మ అక్కడికక్కడే వాళ్లకు పేర్లు పెట్టేసింది: కోసే డాక్టరమ్మ, ఫొటోల పిల్ల, ముక్కల సారు, మందుల సారు, కరెంటు సారు. రేడియేషన్‌ను మా దిక్కు కరెంటు పెట్టుడు అనే అంటరు.

నన్నడిగిన్రు, మీకేం కావాలె అని. నేను ఒక్కటే చెప్పిన. "నేను టైలర్‌ని మేడం. నా కుడి చెయ్యి నాకు కావాలె."

డాక్టరమ్మ తలూపింది. "గడ్డ చిన్నది. అది ఉన్న భాగం వరకే తీసి రొమ్ము ఉంచొచ్చు, తర్వాత రేడియేషన్ ఇస్తే చాలు అని నా ఆలోచన" అన్నది. కరెంటు సారు సరే అన్నడు. అప్పుడు ఫొటోల పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, ఒక్క నిమిషం. ఇక్కడ ఇంకో నీడ ఉంది. గడ్డకు దూరంగా, లోపలి వైపు. పాత స్కానింగులో ఎవరూ రాయలేదు."

టీవీ మీద ఆమె వేలు పెట్టిన చోట నాకేం కనబడలేదు. డాక్టర్లకు కనబడ్డది.

"అది కూడా క్యాన్సరే అయితే?" అన్నడు మందుల సారు.

"అంత దూరంలో రెండు ఉంటే మొత్తం తీయడమే మంచిది కావచ్చు" అన్నది డాక్టరమ్మ.

"తెలియకుండా తీయడం ఎందుకు? ముందు దానికీ సూది వేద్దాం" అన్నడు కరెంటు సారు.

"ముక్క నాకు పంపండి, నేను త్వరగా చూస్తా. కానీ తొందరపడి చెప్పను" అన్నడు ముక్కల సారు.

ఒకరి మాట మీద ఒకరు అట్ల మాట్లాడుతుంటే అత్తమ్మకు ఆగలేదు. "ఏంది సారూ, మీలో మీరే కొట్లాడుతాన్రు?"

"కొట్లాట కాదు పెద్దమ్మా," అన్నది డాక్టరమ్మ, "నేనొక్కదాన్నే అయితే నాకు తోచింది చేస్తా. వీళ్లు నన్ను ఆపి అడుగుతారు. నేను వాళ్లను అడుగుతా. అందుకే ఈ గది."

"అట్లయితే మంచిగ అడుక్కోండ్రి" అన్నది అత్తమ్మ.

భద్రకాళి కట్ట

ఆ సాయంత్రమే రెండో నీడకు సూది వేసిన్రు. ఇంక ఎదురుచూసుడే. ఆ రోజుల్లో నేను తిన్నది తిన్నట్టు లేదు. ఉమారాణి మమ్మల్ని భద్రకాళి చెరువు కట్ట మీదికి తోలుకపోయింది. పొద్దుగూకే యాళ్లకు అక్కడ సగం హన్మకొండ నడుస్తాంటది. బూట్లేసుకున్న రిటైర్డు సార్లు, సెల్ఫీలు దిగే కాలేజీ పిల్లలు, మక్క కంకులు కాల్చి నిమ్మకాయ, కారం రుద్ది ఇచ్చేటోళ్లు. మా ఊర్లో కంకి చేనులో విరిచి తినేది, ఇక్కడ పైసలిచ్చి కొనాలె. అత్తమ్మ ఆ కంకి వాసన చూసి, "ముదిరిపోయింది, దీనికి ఇంత ధరనా?" అని బేరమాడింది. వాడు తగ్గియ్యలేదు. కొన్నం.

కట్ట మీద కూసొని కంకి తింట తింట అత్తమ్మ ఒక మాట చెప్పింది. పెండ్లయి ఆ ఇంటికి వచ్చిన ఇన్నేండ్లలో నేనెప్పుడు వినని మాట.

"నా చెల్లె యాదమ్మ. నీ లెక్కనే సన్నగ, తెల్లగ ఉండేది. దానికీ ఇక్కడనే గడ్డ. సిగ్గుకు చీర కొంగు కింద దాచుకున్నది. మొగనికి చెప్పలే, నాకు చెప్పలే. పుండై వాసనొచ్చినంక తెలిసింది. అప్పుడు ఎడ్ల బండి కట్టుకొని తీసుకపోయినం. ఏం లాభం? నా ఒళ్లోనే పోయింది."

కంకి పక్కన పెట్టేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. ఉమారాణి అటు దిక్కు తిరిగి కండ్లు తుడుచుకున్నది. అప్పుడు ఉమారాణి ఫోను తీసి, మాకు వినబడేటట్టే తన పెద్ద బిడ్డకు చేసింది.

"థైరాయిడ్ కాదురా. క్యాన్సర్. మొదట్లోనే దొరికింది. మంచిగ తగ్గుతాంది. మీ పెదనాన్నకు కూడా చెప్పు, నేనే చెప్పమన్న అని చెప్పు."

అవతల ఆ పిల్ల ఏడుస్తాంది. ఈమె నవ్వుతాంది. మరునాడు పొద్దుగాల బిడ్డ, అల్లుడు కాబోయే పిలగాడు, చెల్లె అందరు మేడెక్కి వచ్చిన్రు. క్యాన్సర్ అంటే సంబంధం పోతదన్నరు కదా, ఆ పిలగాడే టిఫిన్ డబ్బా మోసుకొచ్చిండు.

నీడ సంగతి

శోభ సిస్టర్ ఫోన్ చేసి రమ్మన్నది. ఏమన్నా అడుగుదామంటే "డాక్టర్ గారే చెప్తారు, భయపడకుండా రండి" అన్నది. ఆ మెట్లు ఎట్లెక్కిన్నో యాది లేదు.

గదిలో డాక్టరమ్మ, ముక్కల సారు ఇద్దరే ఉన్నరు. పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకుంట మొదటిసారి నాతోని నేరుగ మాట్లాడిండు. "రెండోది మామూలు గడ్డమ్మా. క్యాన్సర్ కాదు. నేను చూశాను, నా పక్క డాక్టర్‌కూ చూపించాను. ఇద్దరిదీ ఒకటే మాట."

డాక్టరమ్మ అన్నది, "రొమ్ము ఉంటుంది రజిత గారూ. ఇంక చెయ్యి సంగతి. చంకలో అందరికీ ఉండే చిన్న గడ్డలన్నీ తీయం. నీలం రంగు మందు పెడతాం. అది ముందుగా ఏ గడ్డకు పోతుందో అది తీస్తాం. మీరు నిద్రలో ఉండగానే ఈ సారు దాన్ని చూస్తారు. అందులో క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోం."

అత్తమ్మ లేచి పెద్దాయన రెండు చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నది. ఆయన గాబరాపడ్డడు.

ఆపరేషన్

మా ఆయన ముందురోజే వచ్చిండు, పత్తి కొంత ఏరి, కొంత వదిలి. చేతులకు ఇంకా చేను మట్టి ఉండె. "పత్తి తడిసిందా?" అన్న. "తడిస్తే ఎండుతది తీయ్" అన్నడు. నన్ను బండి మీద లోపలికి తోసుకపోతుంటే తలుపు దాకా నా పక్కనే నడిచిండు.

నాకు తెలిసింది అంతే. మెలకువొచ్చేసరికి డాక్టరమ్మ మొకం పైన కనబడ్డది. "చంకలో ఏం లేదమ్మా. శుభ్రంగా ఉంది. మిగతావి ముట్టుకోలేదు." కుడిచెయ్యి వేళ్లు కదిలించి చూసుకున్న. ఐదు వేళ్లు కదిలినయి.

ఇగ తర్వాత జరిగింది చెప్తే నవ్వుతరు. సాయంత్రం నన్ను బాత్రూంకు తీసుకపోయిన అత్తమ్మ కేక వేసింది, "సిస్టరమ్మా! నా కోడలుకు ఒంటేలు మైలతుత్తం లెక్క నీలంగ వస్తాంది!" మొత్తం వార్డు లేచి కూసున్నది. శోభ సిస్టర్ ఉరికొచ్చి నవ్వాపుకోలేక చెప్పింది, ఆ నీలం మందు అట్లనే బయటికి పోతది, రెండు రోజుల్లో సర్దుకుంటదని. పక్క మంచం ముసలామె అప్పటి నుంచి నన్ను చూసినప్పుడల్లా "రంగు తగ్గిందా బిడ్డా?" అని అడిగేది.

మూడో రోజు ఒక చిన్న వయసు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి గోడకు వేళ్లు ఆనించి మెల్లగ మీదికి పాకించమన్నది. నొప్పి పుట్టినా ఆపొద్దట, రోజూ కొంచెం పైకి పోవాలట. నేను పాకిస్తుంటే నా పక్కన నిలబడి అత్తమ్మ కూడా పాకించేది. "నీకెందుకత్తమ్మా?" అంటే, "నాకూ భుజం గుంజుతాంది, ఫుకట్ల వైద్యం" అన్నది.

రెండో గురువారం

ముక్కల రిపోర్టులన్నీ వచ్చినంక మళ్ల అదే గది, అదే ఐదుగురు. ఈసారి మా ఆయన కూడా పక్కన ఉన్నడు. ఆయన జీవితంలో అంతమంది డాక్టర్ల ముందట కూసోలేదు. కుర్చీ అంచు మీద కూసున్నడు.

గడ్డ పూర్తిగ వచ్చేసిందని, చుట్టూ అంచులు శుభ్రంగ ఉన్నయని ముక్కల సారు చెప్పిండు. మందుల సారు రిపోర్టు మళ్లా చదివి, "ఈమెకు సెలైన్‌లో ఎక్కించే గట్టి మందులు అక్కర్లేదు. ఈ రకానికి రోజూ ఒక గోళీ సరిపోతుంది, కొన్నేళ్లు వాడాలి" అన్నడు. "అందరికీ ఇట్లా కాదమ్మా. మీది ఈ రకం, ఇంత చిన్నగా ఉంది కాబట్టి" అని కూడ చెప్పిండు. ఉమారాణికి ఆ సెలైన్ మందులతో జుట్టంతా పోయి మళ్ల మొలుస్తాంది. నాకు తెలుసు, ఎవరి దారి వాళ్లదే.

"ఆ గోళీతో ఎముకలు బలహీనం కాకుండా చూడాలి" అన్నది డాక్టరమ్మ. "అది నేను రాస్తా" అన్నడు మందుల సారు. "మూడు వారాలు నా దగ్గరికి రోజూ రావాలి" అన్నడు కరెంటు సారు.

"సార్, మళ్ల మిషన్ ఎప్పుడు తొక్కొచ్చు?" అని అడిగిన.

"తొక్కేది కాళ్లతోనే కదా? ఇప్పుడే తొక్కండి" అన్నడాయన. గదిలో అందరు నవ్విన్రు. మా ఆయన మాత్రం నవ్వలేదు. రెండు చేతులతో మొకం కప్పుకొని భోరున ఏడ్సిండు. ఇన్ని రోజులు లోపల్నే పెట్టుకున్నడు మనిషి. ఆయన ఏడ్సుడైనంక అత్తమ్మ కొంగుతో కొడుకు మొకం తుడిచి, "లే, పోయి మిగిలిన పత్తి ఏరు" అన్నది.

కరెంటు గది, కోట

రేడియేషన్ నొప్పి ఏం ఉండదు. బల్ల మీద పడుకోబెట్టి అందరు బయటికి పోతరు, మిషన్ తిరుగుతది, అయిపోతది. చర్మం కొంచెం నల్లబడి మండింది, అలసట ఉండేది. ఒంటి మీద గీసిన గీతలు చెరిపెయ్యొద్దని చెప్పిన్రు. గీతలు గీసే కుర్రాడు చాక్‌పీసుతో నేను బట్ట మీద గీసినట్టే గీసేటోడు. "కొలత తప్పలేదు తమ్ముడూ" అనేదాన్ని.

శని, ఆదివారాలు సెలవు. ఒక ఆదివారం ఉమారాణి బిడ్డ మమ్మల్ని ఆటోలో ఖిలా వరంగల్ తీసుకపోయింది. తోరణాల కింద పెండ్లి ఫొటోలు దిగుతాన్రు. ఎర్ర చీరలో ఒక పెండ్లిపిల్ల బ్లౌజు భుజం దగ్గర జారుతాంది, ఊకె సర్దుకుంటాంది. నేను ఆగలేకపోయిన. పర్సులో సూదిదారం ఎప్పుడూ ఉంటది. ఆ పిల్లను స్తంభం చాటుకు తీసుకపోయి రెండు కుట్లు వేసిన. కుడి చెయ్యి పైకి లేపి వేసిన కుట్లు అవి. పెండ్లిపిల్ల "థ్యాంక్స్ ఆంటీ" అని ఉరికింది. నేను అక్కడ్నే నిలబడి నా చెయ్యిని చూసుకున్న.

మేడారం

ఆఖరి రేడియేషన్ అయినంక సామాను సర్దుదామంటే అత్తమ్మ అన్నది, "తల్లుల దగ్గరికి పోయి బంగారం ఇచ్చి పోదాం." మేడారంలో బంగారం అంటే బెల్లమే. గది ఇంకో రెండు రోజులు ఉంచుకొని పొద్దుగాల బస్సెక్కినం. ములుగు దాటినంక అడవి మొదలైంది. మా దిక్కు పత్తి చేన్లు, వడ్ల పొలాలు చూసిన కండ్లకు ఆ టేకు చెట్ల నీడ చల్లగ ఉండె.

జాతర అప్పుడు అక్కడ జనంలో మనిషి కాలు కింద పెట్ట సందుండదు. మామూలు రోజుల్లో చెట్ల కింద కుటుంబాలు కోడి వండుకొని, తిని, పడుకొని పోతరు. మంథని దిక్కు నుంచి వచ్చినోళ్లు తెలియని మమ్మల్ని పిలిచి ఆకుల్లో అన్నం, కోడికూర పెట్టిన్రు. జంపన్న వాగులో నీళ్లు మోకాళ్లకు కూడా రాలేదు. తక్కెడలో నన్ను ఒక దిక్కు కూసోబెట్టి ఇంకో దిక్కు బెల్లం పెట్టిన్రు. అత్తమ్మ తన పత్తి కూలి పైసలతోనే కొన్నది. నన్ను పైస తియ్యనియ్యలేదు.

గద్దెల దగ్గర లైన్లో నిలబడి అత్తమ్మ ముందటామెకు, ఎనుకామెకు, అడగనోళ్లకు కూడా చెప్తాంది. "నా కోడలుకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చిన్నగున్నప్పుడే పోయినం. ఐదుగురు డాక్టర్లు కూసోని చూసిన్రు. చూడు ఎట్లున్నదో! గడ్డ ఉంటే దాచుకోకుండ్రి!"

మొదట్లో నాకు సిగ్గయింది. ఆ తర్వాత నేనూ తల ఎత్తి నిలబడ్డ.

మొక్కు చెల్లించి బయటికొస్తుంటే కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ అమ్మే ఒకామె, అత్తమ్మ మాటలు విన్నదేమో, నా చెయ్యి పట్టి దుకాణం ఎనుకకు గుంజింది. పేరు స్వరూప. నా కన్నా చాలా చిన్నది.

"అక్కా, నాక్కూడా ఉన్నది. ఎడమ దిక్కు. ఎవ్వరికి చెప్పలే."

"ఎన్ని రోజులైంది?"

"ఎండాకాలం నుంచి."

అత్తమ్మ ఆమె మొకం దిక్కు చూసిన చూపు నేను మర్చిపోను. "దుకాణం మూసెయ్" అన్నది.

"ఇప్పుడా పెద్దమ్మా?"

"ఇప్పుడే."

పక్క దుకాణపామె "నేను చూసుకుంట, నువ్వు పో స్వరూపా" అన్నది. మధ్యాహ్నం బస్సుకే ముగ్గురం తిరిగి హన్మకొండ వచ్చినం. స్వరూప మొగనికి గుడి పని మీద పోతున్న అని ఫోన్ చేసింది. తొవ్వ పొడుగూత అత్తమ్మ భుజం మీద తల పెట్టుకొని కూసున్నది. ఆ పూట ఉమారాణి ముగ్గురికి కాదు, నలుగురికి వండింది.

మళ్ల హన్మకొండ

పొద్దుగాల శోభ సిస్టర్ మమ్మల్ని చూసి, "మళ్ల వచ్చిన్రేంది?" అని గాబరాపడ్డది. స్వరూపను ముందట నిలబెట్టిన. ఇంకో మాట అడగకుండా లోపలికి తీసుకపోయింది. డాక్టరమ్మ చేత్తో చూసి ఫొటోల పిల్ల దగ్గరికి పంపింది.

మేం బయట బల్ల మీద కూసున్నం. నా కోసం కూసున్నప్పుడు కూడా నాకంత భయం కాలేదు. అత్తమ్మ కండ్లు మూసుకొని ఉన్నది. పెదాలు కదులుతాన్నయి.

తలుపు తెరుచుకున్నది. స్వరూప చెయ్యి గుండె మీద పెట్టుకొని నిలబడ్డది. మొకం చూస్తే ఏమీ అర్థం కాలేదు.

"ఏమన్నదే?" అన్నది అత్తమ్మ.

"నీళ్ల తిత్తి అంట! సూదితోని నీళ్లు గుంజింది అక్కా, గడ్డ పోయింది! అక్కడ్నే పోయింది! చూడు!" అని నా చెయ్యి పట్టుకొని అందరి ముందల గడ్డ ఉన్న చోట పెట్టుకోబోయింది. ఫొటోల పిల్ల తలుపులోంచి నవ్వుకుంట, "క్యాన్సర్ కాదు. అయినా మళ్ల ఒకసారి వచ్చి చూపించుకోవాలి" అని చెప్పింది. లైన్లో కూసున్నోళ్లు, వీల్‌ఛైర్‌లో ఉన్న ముసలాయన, ఆయనను తోసుకపోయే ఆమె, అందరు మా దిక్కే చూసి నవ్వుతాన్రు. అత్తమ్మ స్వరూపను గట్టిగ పట్టుకొని ఏడ్సింది. ఆమె ఏడ్వంగ నేను చూసింది అదే మొదలు.

స్వరూప అక్కడ్నే నిలబడి మొగనికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన తిట్టిండు, ఇన్ని రోజులు చెప్పలేదని. తిట్టిన కొద్దీ ఈమె నవ్వింది.

హన్మకొండ బస్టాండులో ఆమెది ములుగు బస్సు, మాది తొర్రూరు బస్సు. ఆమెది ముందు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఒర్రింది.

"అక్కా! మా దుకాణం పక్కనామె లేదా? ఆమెకు కూడా ఉన్నది, నాకొక్కదానికే చెప్పింది. వచ్చే గురువారం నేనే తోలుకొస్త!"